పసిబిడ్డ ఒంటి మీది మచ్చలు

ఏడో రోజు అకీఖాకు బిడ్డ తల గొరిగించగానే మెడ వెనక ఎర్రటి మచ్చ బయటపడుతుంది. కత్తి గాటని ఒకరంటారు, గ్రహణం రోజున కోడలు గడప దాటిందని మరొకరంటారు. అది మొదటి నుంచీ జుట్టు కింద ఉన్నదే. చర్మం కింది సన్నని రక్తనాళాలు కాస్త వెడల్పుగా ఉంటే ఆ రంగు కనిపిస్తుంది, బిడ్డ ఏడిస్తే ముదురుతుంది. కనురెప్పల మీద ఉన్నవి ఏడాది రెండేళ్లలో వెలిసిపోతాయి. మెడ వెనకది కొందరికి పెద్దయ్యాక కూడా ఉంటుంది. దానివల్ల హాని లేదు, అందులో తల్లి తప్పు అసలే లేదు.

మన పిల్లల్లో తరచూ కనిపించే మరొకటి నడుము కింద, పిరుదుల మీద నీలి మచ్చ. అచ్చం కమిలిన దెబ్బలా ఉంటుంది. కాన్పులో నర్సు మోటుగా పట్టుకుందని గొడవకు దిగినవారిని చూశాను. చర్మానికి రంగునిచ్చే కణాలు లోపలి పొరలోనే నిలిచిపోవడం వల్ల వచ్చే నీలం అది. నొక్కినా నొప్పి ఉండదు. బడి వయసుకు చాలామందిలో మాయమవుతుంది.

రెండు మూడు రోజుల బిడ్డకు దోమ కుట్టినట్టు దద్దుర్లు రావడం కూడా మామూలే. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మందికి వస్తాయి, వారం పది రోజుల్లో పోతాయి. ముక్కు మీది తెల్లని గింజలూ అంతే. వాటిని గిల్లి, సున్నిపిండితో రుద్ది పుండు చేసేది మనమే.

పుట్టిన కొన్ని వారాలకు మొదలై, స్ట్రాబెర్రీలా ఉబ్బే ఎర్ర మచ్చ సంగతి వేరు. మొదటి ఐదారు నెలలు పెరిగి, తర్వాత ఏళ్ల తరబడి నెమ్మదిగా తగ్గుతుంది. కంటి దగ్గర, ముక్కు మీద, పెదవి మీద వస్తే మాత్రం ఆగకూడదు. గుండె జబ్బులకు వాడే ప్రోప్రనొలాల్‌తో ఇది తగ్గుతుందని 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు వెల్లడించారు. మచ్చ పెరిగే నెలల్లోనే మొదలుపెడితే మేలు. మందు ఖరీదు తక్కువే. పల్లె నుంచి పదేపదే రావడానికయ్యే చార్జీలు, పోయే కూలీ పేదింటికి బరువు.

నుదురు, కనురెప్ప కలుపుకొని ముఖం ఒకవైపు ముదురు ఎరుపుంటే అది దానంతట పోదు. కన్ను, మెదడు పరీక్షించాలి.

మొదటి 24 గంటల్లోనే ఒళ్లు పసుపెక్కినా, తర్వాత అరచేతులు, అరికాళ్ల దాకా పసుపు పాకినా, చీము పొక్కులు లేచినా, బిడ్డ పాలు మానేసినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. పొద్దుటి ఎండలో పడుకోబెట్టి చూద్దామని ఆగితే, కామెర్లు ముదిరి మెదడు, వినికిడి దెబ్బతినవచ్చు.