గురక గాఢనిద్రకు గుర్తా?

గురక పెట్టి నిద్రపోయే మనిషిని చూచినప్పుడు "ఎంత హాయిగా నిద్రపోతున్నాడో!" అనుకోవడం మనకు పరిపాటి. కుంభకర్ణుని కథ విన్ననాటి నుండి గురకకూ గాఢనిద్రకూ మన మనస్సులో ముడి పడిపోయింది. కాని గురక పెట్టేవారిలో కొందరి విషయంలో నిజం దీనికి పూర్తిగా వ్యతిరేకం. వారు రాత్రి ఎనిమిది గంటలు పడుకొన్నా నిద్రకు నోచుకోరు. ఉదయం లేవగానే తలనొప్పి, పగలంతా మగత, చదివినది గుర్తుండకపోవడం, చిన్నదానికే కోపం రావడం వారికి నిత్యానుభవాలు. ఇంట్లోవారు దీనిని సోమరితనం అంటారు; బడిలో మందబుద్ధి అంటారు. అసలు కారణం వేరు. రాత్రి కొన్ని పదులసార్లు, ఒక్కొక్కప్పుడు కొన్ని వందలసార్లు, వారి శ్వాస నిలిచిపోతూ ఉంటుంది.

ఈ స్థితిని వైద్యులు 'స్లీప్ ఆప్నియా' అంటారు. 'ఆప్నియా' అనే గ్రీకు మాటకు శ్వాస లేకపోవడం అని అర్థం. మనం దీనిని నిద్రలో శ్వాసరోధం అనవచ్చును. ఇది అరుదైన జబ్బు కాదు. 30 నుండి 69 ఏళ్ళ లోపు వారిలో ప్రపంచం మొత్తంమీద సుమారు 93 కోట్ల మందికి ఇది ఎంతో కొంత ఉండవచ్చునని 2019లో పరిశోధకులు అంచనా వేశారు. వారిలో చాలామందికి తమకీ జబ్బు ఉన్నట్లే తెలియదు.

గొంతులో జరిగేదేమిటి?

మనం పీల్చిన గాలి ముక్కు నుండి గొంతులోనికి, అక్కడనుండి వాయునాళంలోనికి పోతుంది. ముక్కుకు ఎముక, మృదులాస్థి ఆధారంగా ఉన్నాయి. వాయునాళం ముడుచుకొని పోకుండా గుర్రపు లాడం ఆకారంలో ఉన్న మృదులాస్థి ఉంగరాలు కాపాడుతున్నాయి. ఈ రెంటికీ మధ్య, నాలుక వెనుక ఉన్న గొంతు భాగానికి మాత్రం అటువంటి గట్టి ఆధారం లేదు. దానిని తెరచి ఉంచేవి కండరాలే. మేలుకొని ఉన్నంతసేపు అవి బిగువుగా ఉంటాయి. నిద్ర పట్టగానే సడలిపోతాయి. నాలుక వెనుకకు జారుతుంది, మెత్తని అంగిలి, కొండనాలుక క్రిందికి వ్రేలాడుతాయి, దారి సన్నబడుతుంది.

సన్నని చోట గాలి వేగం హెచ్చుతుంది. వేగం హెచ్చినచోట పీడనం తగ్గుతుందని బెర్నూలీ సూత్రం చెబుతున్నది. అందువల్ల మెత్తని గోడలు లోపలికి లాగబడి, తిరిగి విడివడి, అదురుతాయి. ఆ అదురే గురక.

తరగతిలో దీనిని సులభంగా చూపించవచ్చును. ఒక సన్నని వెదురు గొట్టం గుండా గాలిని గట్టిగా పీల్చండి. గొట్టానికి ఏమీ కాదు. పల్చని కాగితాన్ని గొట్టంగా చుట్టి, కొంచెం తడిపి, రెండవ కొనను వేలితో సగం మూసి, అట్లాగే పీల్చండి. గొట్టం చప్పున అతుక్కుపోతుంది. ఎంత గట్టిగా పీలిస్తే అంత గట్టిగా మూసుకుంటుంది. కొందరి గొంతులో నిద్రలో జరిగేది ఇదే.

దారి మూసుకొన్న తరువాత కూడా ఛాతీ, పొట్ట పైకీ క్రిందికీ కదులుతూనే ఉంటాయి. గాలి మాత్రం లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. మెదడు అపాయాన్ని పసిగట్టి మనిషిని ఒక్క క్షణం మేలుకొలుపుతుంది. కండరాలు బిగుసుకొని దారి తెరచుకొంటుంది. పెద్ద శబ్దంతో ఊపిరి లోపలికి దూసుకుపోతుంది. ఆ వెంటనే మళ్ళీ నిద్ర, మళ్ళీ గురక, మళ్ళీ నిశ్శబ్దం. ఈ మెలకువలు చాలా స్వల్పమైనవి కావడం వల్ల తెల్లవారిన తరువాత ఒక్కటీ జ్ఞాపకం ఉండదు. కనుకనే రోగి "నేను బాగానే నిద్రపోయాను" అంటాడు; ప్రక్కన పడుకొన్నవారు మాత్రం బెదిరిపోతారు.

పెద్దవారిలో శ్వాస కనీసం 10 సెకండ్లు ఆగితేనే దానిని లెక్కలోనికి తీసుకుంటారు. పూర్తిగా ఆగినవీ, బాగా తగ్గినవీ కలిపి గంటకు సగటున ఎన్ని అని లెక్కిస్తారు. 5 నుండి 15 లోపు అయితే స్వల్పం, 15 నుండి 30 లోపు అయితే మధ్యస్థం, 30 గాని అంతకు మించి గాని ఉంటే తీవ్రం. గంటకు 30 సార్లంటే ఏడు గంటల నిద్రలో 210 సార్లు! ప్రతిసారీ గుండె వేగం, రక్తపు పోటు ఎగిసిపడతాయి. కాబట్టి ఈ జబ్బు ఉన్నవారిలో అధిక రక్తపు పోటు తరచుగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

గొంతు తెరచి ఉన్నా మెదడు నుండి శ్వాసించమనే ఆజ్ఞ రాకపోవడం మరొక రకం. ఇది తక్కువమందిలో, ముఖ్యంగా కొన్ని గుండెజబ్బులు ఉన్నవారిలోనూ, నల్లమందు జాతికి చెందిన ఔషధాలు వాడేవారిలోనూ కనిపిస్తుంది.

నవలలోని కుర్రవాడు

ఈ జబ్బు చరిత్ర చిత్రమైనది. ఆంగ్ల రచయిత చార్లెస్ డికెన్స్ 1836–37లో వెలువరించిన 'పిక్‌విక్ పేపర్స్' నవలలో జో అనే లావుపాటి కుర్రవాడు ఉన్నాడు. ఏ పని చేస్తున్నా, ఎక్కడ ఉన్నా నిద్రలో పడిపోయి గురక పెట్టడం అతని లక్షణం. పాఠకులు నవ్వుకొన్నారు. 1956లో అమెరికాలో బర్వెల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అటువంటి లక్షణాలే ఉన్న ఒక స్థూలకాయుని గురించి వ్రాసి, ఆ జబ్బుకు ఈ నవల పేరు పెట్టారు. ఆ రోగి పేకాటలో మూడు ఆసులు, రెండు రాజులు చేతికి వచ్చిన సమయంలోనే కునికి, గెలిచే ఆటను పోగొట్టుకొన్నాడట!

రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకొనడం వల్లనే ఈ మత్తు అని ఆనాడు భావించారు. 1965లో ఫ్రాన్సులో గాస్టో బృందమూ, జర్మనీలో యుంగ్, కూలో అనేవారూ అటువంటి రోగుల నిద్రను రాత్రంతా యంత్రాలతో నమోదు చేశారు. శ్వాస మాటిమాటికి నిలిచిపోవడం, నిద్ర మాటిమాటికి తెగిపోవడం అప్పుడు బయటపడినాయి. రోగి పగలు నిద్రపోవడానికి కారణం రాత్రి నిద్ర లేకపోవడమే! 1969లో మెడ ముందుభాగంలో వాయునాళానికి రంధ్రం చేసి చూడగా పగటి మత్తు తొలగిపోయింది. అడ్డంకి గొంతులోనే ఉన్నదని దీనితో రుజువయింది. కాని మెడకు రంధ్రంతో జీవితాంతం బ్రతకడం సామాన్యమైన విషయం కాదు.

ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివన్ 1980లో తేలికైన ఉపాయం కనుగొన్నాడు. పీల్చడం వల్ల గొంతు మూసుకొంటున్నది కదా, ముక్కు ద్వారా కొంచెం ఎక్కువ పీడనంతో గాలిని పంపుతూ ఉంటే ఆ గాలియే గోడలను దూరంగా నిలుపుతుంది. వాక్యూమ్ క్లీనరు మోటారుతో ఆయన తొలి పరికరాన్ని సిద్ధం చేశాడు. ఐదుగురు రోగులపై ఫలితాలు 1981లో 'లాన్సెట్' పత్రికలో వెలువడినాయి. వాడిన పీడనం నీటిమట్టంలో 4.5 నుండి 10 సెంటీమీటర్లు మాత్రమే. గాజుగ్లాసులోని నీటిలో ఒక గొట్టాన్ని 10 సెంటీమీటర్ల లోతుకు ముంచి, బుడగలు వచ్చేటట్లు ఊదితే ఆ పీడనం ఎంతో మనకే తెలుస్తుంది. అది అంత స్వల్పం.

బడిపిల్లల సంగతి

ఈ జబ్బు లావుగా ఉన్న పెద్దలకే వస్తుందనుకోవడం పొరపాటు. సన్నగా ఉన్నవారికీ, స్త్రీలకూ, పిల్లలకూ వస్తుంది. పిల్లలలో ముఖ్య కారణం గొంతులోని టాన్సిళ్ళు, ముక్కు వెనుక ఉండే ఎడినాయిడ్లు పెరిగి దారికి అడ్డుపడటం. 1889లోనే విలియం హిల్ అనే ఆంగ్ల వైద్యుడు పిల్లలు చదువులో వెనుకబడటానికి ఇటువంటి అడ్డంకులు కూడా ఒక కారణమని వ్రాశాడు.

అమెరికాలో డేవిడ్ గోజల్ 1998లో ప్రకటించిన పరిశీలన ఉపాధ్యాయులు గమనింపదగినది. చదువులో బాగా వెనుకబడిన 297 మంది ఒకటవ తరగతి పిల్లలను పరీక్షించగా, 54 మందికి నిద్రలో శ్వాస సరిగా ఆడటం లేదని తేలింది. వారిలో శస్త్రచికిత్సతో టాన్సిళ్ళు, ఎడినాయిడ్లు తీసివేసిన 24 మందికి మరుసటి సంవత్సరం మార్కులు పెరిగాయి. చికిత్స పొందనివారి మార్కులు పెరగలేదు. అయితే శస్త్రచికిత్స చేస్తే చాలు, ప్రతి పిల్లవాడూ చురుకవుతాడని అనుకోకూడదు. 2013లో వెలువడిన పెద్ద పరిశోధనలో 464 మంది పిల్లలను పరిశీలించారు. శస్త్రచికిత్స వల్ల నిద్ర, ప్రవర్తన బాగుపడినాయి. అవధానశక్తిని కొలిచే ముఖ్య పరీక్షలో మాత్రం చెప్పుకోదగిన తేడా కనబడలేదు. వేచి చూచిన పిల్లలలో కూడా దాదాపు సగం మందికి ఏడు నెలలలో శ్వాస దానంతట అదే సరిపడింది. అందుచేత శస్త్రచికిత్స అవసరమా కాదా అన్నది వైద్యుడే నిర్ణయించవలెను.

నోరు తెరచి నిద్రపోవడం, ప్రతిరాత్రి గురక పెట్టడం, నిద్రలో విపరీతంగా చెమట పట్టడం, మానిన తరువాత మళ్ళీ పక్క తడపడం, బడిలో కుదురు లేకపోవడం పిల్లలలో దీనికి గుర్తులు. పిల్లలు పెద్దలవలె కునకకుండా, అతిగా అల్లరి చేయడం కూడా కద్దు. దండించే ముందు "రాత్రి ఎట్లా నిద్రపోతున్నాడు?" అని తల్లిదండ్రులను ఒక్కమాట అడగడం మేలు.

గుర్తించడం ఎట్లా?

ఆస్ట్రేలియాలో మర్రే జాన్స్ 1991లో ఒక సులభమైన ప్రశ్నావళిని తయారుచేశాడు. చదువుతున్నప్పుడు, బండిలో ప్రయాణం చేస్తున్నప్పుడు, భోజనం చేసి ఊరక కూర్చున్నప్పుడు — ఇట్లా ఎనిమిది సందర్భాలలో కునుకు పట్టే అవకాశం ఎంత అని ప్రశ్నించుకొని, ఒక్కొక్కదానికి 0 నుండి 3 వరకు మార్కులు వేసుకోవలెను. మొత్తం 24కు 10 దాటితే పగటినిద్ర మితిమీరినట్లే.

ఇది సూచన మాత్రమే. నిర్ధారణకు నిద్రపరీక్ష కావలెను. మెదడు విద్యుత్తరంగాలు, కనుగుడ్ల కదలిక, ముక్కు నుండి వచ్చే గాలి, ఛాతీ కదలిక, గుండె లయ, రక్తంలోని ఆక్సిజన్ రాత్రంతా నమోదవుతాయి. పెద్దలలో కొందరికి ఇంటివద్దనే చిన్న పరికరంతో పరీక్ష చేయవచ్చును. పరీక్ష కోసం పెద్దలు ఊపిరితిత్తుల వైద్యునిగాని, చెవి ముక్కు గొంతు వైద్యునిగాని సంప్రదించవలెను. పిల్లలను ముందుగా పిల్లల వైద్యునికి చూపవలెను. వైద్యుని వద్దకు రోగి ఒంటరిగా పోవడం కంటె, అతని నిద్రను చూచినవారిని వెంట తీసుకొని పోవడం మంచిది. గురకను, మధ్యలో వచ్చే నిశ్శబ్దాన్ని చేతిఫోనులో రికార్డు చేసి వినిపిస్తే ఇంకా మంచిది.

చికిత్స

పెద్దలలో మధ్యస్థ, తీవ్ర స్థితులకు ముఖ్య చికిత్స సల్లివన్ చూపిన గాలి యంత్రమే. దీనిని 'సీపాప్' అంటారు. ఇది కళ్ళజోడు వంటిది: పెట్టుకొన్నంతసేపే పనిచేస్తుంది. మొదటి వారాలలో ముసుగు బిగువు, గాలి కారడం, నోరు ఎండిపోవడం ఇబ్బంది పెడతాయి. చాలామంది యంత్రాన్ని మూల పడవేసేది అప్పుడే. ముసుగు కొలత మార్చడం, గాలికి తేమ చేర్చడం వంటి సర్దుబాట్లతో ఈ ఇబ్బందులను చాలావరకు తొలగించవచ్చును. దీనివల్ల పగటి మత్తు తగ్గుతుంది, రక్తపు పోటు కొంత తగ్గుతుంది. గుండెపోటును నివారిస్తుందా అన్నది వేరే ప్రశ్న. 2016లో వెలువడిన పెద్ద పరిశోధనలో అటువంటి రక్షణ కనబడలేదు. అయితే అందులో పాల్గొన్నవారు యంత్రాన్ని రాత్రికి సగటున 3.3 గంటలే వాడారు.

బరువు తగ్గడం, ప్రక్కకు తిరిగి పడుకోవడం, మద్యం మానడం అందరికీ మంచివి. స్వల్పస్థితిలో క్రింది దవడను ముందుకు నిలిపే దంతపరికరం ఉపయోగపడుతుంది. స్థూలకాయంతోపాటు ఈ జబ్బు ఉన్న పెద్దలకు టిర్జెపటైడ్ అనే ఔషధాన్ని అమెరికా ప్రభుత్వ సంస్థ 2024 డిసెంబరులో ఆమోదించింది. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా వాడరాదు. వాటిలో కొన్ని గొంతు కండరాలను ఇంకా సడలించి, మెదడు మేలుకొలుపును ఆలస్యం చేస్తాయి.

ఇతర నిద్రాసమస్యలు

నిద్ర చాలనివారందరికీ శ్వాసరోధమే కారణం కాదు. పడుకొన్నా నిద్ర పట్టకపోవడం నెలల తరబడి ఉంటే, మాత్రల కంటె ముందు అలవాట్ల చికిత్స ఇవ్వవలెనని 2016లో అమెరికా వైద్యుల సంఘం సూచించింది. రోజూ ఒకే వేళకు లేవడం, నిద్ర వచ్చినప్పుడే పడక చేరడం, నిద్ర పట్టకపోతే లేచి వేరేచోట కూర్చోవడం ఇందులో ముఖ్యాంశాలు. పడుకోగానే కాళ్ళలో ఏదో పాకినట్లుండి కదిలించక తప్పకపోతే, శరీరంలో ఇనుము తక్కువగా ఉన్నదేమో పరీక్షించవలెను. నవ్వినప్పుడు మోకాళ్ళు పట్టుతప్పి, పగలు ఆపుకోలేని నిద్ర వస్తే అది 'నార్కొలెప్సీ' కావచ్చును.

యౌవనారంభంలో మరొక విశేషం ఉన్నది. ఆ వయస్సులో శరీరంలోని గడియారం వెనుకకు జరిగి, నిద్ర ఆలస్యంగా వస్తుంది. వారికి 8 నుండి 10 గంటల నిద్ర అవసరం. అర్ధరాత్రి వరకు చదివించి తెల్లవారుజామున లేపితే మిగిలేది ఎంత? ఆ విద్యార్థి కునుకుకు జబ్బు కారణం కాదు, మనం వేసిన కాలపట్టికయే కారణం.

బండి నడిపేవాడు కునికితే ప్రమాదం అతనితో ఆగదు. గురకతోపాటు శ్వాస నిలవడం గాని, పగలు ఆపుకోలేని కునుకు గాని ఉన్నవారు వైద్యుని చూచేవరకు బండి తోలకుండా ఉండటమే క్షేమం. నిద్రపోయే మనిషి తన గురకను తాను వినలేడు. వినగలిగిన వారు నవ్వి ఊరుకొనక, ఆ మాట అతనికి చెప్పవలెను.