కంజి బోధన – తెలుగు వ్యాకరణ పరిభాష: ఒక పరిశీలన

1. ప్రవేశిక:
జపనీస్ భాషాసామర్థ్య పరీక్ష (జె.ఎల్.పి.టి.) 1984లో ఆరంభమైంది. 2010 నుండి ఎన్5 మొదలు ఎన్1 వరకు ఐదు స్థాయులలో జరుగుతున్నది. 2019లో జపాన్ ప్రవేశపెట్టిన నిర్దిష్ట నైపుణ్య వీసాకు ఎన్4 ఉత్తీర్ణత ఒక భాషార్హత. వ్యవసాయం, చేపల పెంపకం ఆ వీసా పరిధిలోనివే. వరిచేలు, చేపల చెరువులు గల కృష్ణా జిల్లా నందివాడ వంటి మండలాల యువతకు ఇది ఉపాధితో ముడిపడిన విషయం. ఇంగ్లీషు ద్వారా జపనీస్ నేర్చుకునే తెలుగు విద్యార్థికి కంజి లిపి రెట్టింపు భారమవుతుంది. ఆ భారాన్ని తగ్గించే సాధనాలు తెలుగు వ్యాకరణంలోనే ఉన్నాయని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఒక గుర్తు – రెండు ఉచ్చారణలు:
చైనా నుండి వచ్చిన ప్రతి కంజికీ సాధారణంగా రెండు ఉచ్చారణలుంటాయి. చైనా ధ్వనిని అనుసరించేది ‘ఓన్’, దేశీయ పదానిది ‘కున్’. నీటి గుర్తును విడిగా ‘మిజు’ అనీ, సమాసంలో ‘సుయి’ అనీ చదువుతారు. పొలం గుర్తు గట్లు వేసి నాలుగు మడులు చేసిన చదరంలా ఉంటుంది. విడిగా అది ‘త’, సమాసంలో ‘దెన్’. రెండూ కలిస్తే ‘సుయిదెన్’, అనగా మాగాణి. చేప ‘సకన’, చేపల పెంపకం ‘యోగ్యొ’.

తెలుగులోనూ ‘నీరు’ విడిగా నిలిచి, ‘జలాశయం’లో ‘జల’ అవుతుంది. ‘చేప’ ‘మత్స్యకారుడు’లో ‘మత్స్య’ అవుతుంది. దేశ్య, తత్సమాల ఈ పంపకం తెలిసిన విద్యార్థికి కున్, ఓన్ భేదం కొత్తది కాదు. అయితే తెలుగులో రాత పదాన్ని నిర్ణయిస్తుంది. జపనీస్‌లో సందర్భమే నిర్ణయించాలి. చిన్నయసూరి సమాసాలను సాంస్కృతిక, ఆచ్ఛిక, మిశ్రమాలుగా విభజించినట్లే, కంజి సమాసాలలోనూ ఓన్, కున్ కలిసిన మిశ్రమాలున్నాయి. కనుక ‘సమాసమైతే ఓన్’ అన్నది సామాన్య సూత్రమే గాని నియమం కాదు.

3. గసడదవాదేశం – రెన్దకు:
‘తె’ (చేయి), ‘కమి’ (కాగితం) కలిసి ‘తెగమి’ (ఉత్తరం) అవుతుంది. కూర, కాయ కలిసి ‘కూరగాయ’ అయినట్లే పరుషం సరళమైంది. జపనీస్‌లో దీన్ని ‘రెన్దకు’ అంటారు. భేదం కూడా గమనింపదగినది. తెలుగులో ‘తల్లిదండ్రులు’ వంటి ద్వంద్వాలలో ఈ మార్పు ప్రసిద్ధం. జపనీస్‌లో ద్వంద్వం సాధారణంగా దీనికి లొంగదు. ‘యమకవ’ అంటే కొండలూ నదులూ. ‘యమగవ’ అంటే కొండనది.

4. పరీక్షాస్వరూపం:
ఈ పరీక్షలో చేతిరాత లేదు; ఇచ్చిన జవాబులలో సరైనదాన్ని గుర్తించాలి. కంజి పదానికి ఉచ్చారణను ఎన్నుకునే ప్రశ్నలలో హ్రస్వదీర్ఘ భేదం, ద్విత్వం తరచు కీలకమవుతాయి. ‘ఒబసన్’ అత్త లేదా పిన్ని, ‘ఒబాసన్’ అమ్మమ్మ. ‘కితె’ వచ్చి, ‘కిత్తె’ తపాలా బిళ్ళ. రోమన్ లిపిలో దీర్ఘచిహ్నం వదిలేస్తే మొదటి జంటలోని భేదం మరుగవుతుంది. తెలుగు లిపి రెండు జంటలనూ స్పష్టంగా చూపగలదు. 2010 తరువాత స్థాయులవారీ కంజి జాబితాను అధికారికంగా ప్రకటించడం లేదు. జపాన్ నిత్యవ్యవహార కంజిలు 2136. అందువల్ల విడి గుర్తుల లెక్కకన్నా పదాల ద్వారా అభ్యసించడం మేలు.

5. ముగింపు:
తెలుగు వ్యాకరణ పరిభాష కంజిని సులభం చేయదు. విద్యార్థికి తెలిసినదాని నుండి తెలియనిదానికి దారి చూపుతుంది. పొలం, నీరు, చెరువు, చేప వంటి పరిచిత పదాలతో, తెలుగు వివరణలతో ప్రారంభ పాఠ్యాలు రూపొందాలి. ఆ పనికి తెలుగు శాఖలు, జపనీస్ బోధకులు కలిసి పూనుకోవడం అవసరం.