క్రెడిట్ కార్డు బాకీ: ఐపీ దాకా వెళ్ళకముందే

కాప్రా, ఈసీఐఎల్, చర్లపల్లి ప్రాంతాల మస్జిదులలో ఇషా నమాజు తరువాత మమ్మల్ని కాసేపు ఆగమని కోరేవారిలో ఇటీవల రుణగ్రస్తులే ఎక్కువగా ఉంటున్నారు. పూర్వం వారసత్వం గురించో, తలాఖ్ గురించో అడిగేవారు. నేడు చేతిలో బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటోంది. ప్రతి నెలా కడుతూనే ఉన్నామని, బాకీ మాత్రం తగ్గడం లేదని అంటారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదన్న మాట చివరగా బయటికి వస్తుంది.

బాకీ ఎందుకు తగ్గదో ఒక లెక్కతో చూద్దాం. కార్డుపై లక్ష రూపాయల బాకీ, నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే వడ్డీ 3,500. దానిపై 18 శాతం జీఎస్టీ 630. కనీస చెల్లింపు అయిదు శాతం చొప్పున 5,000 కడితే అసలులో తగ్గేది 870 రూపాయలు మాత్రమే! బాకీ పూర్తిగా తీర్చనంత కాలం కొత్త కొనుగోళ్ళకు కూడా వడ్డీ లేని గడువు వర్తించదు. ఏటీఎంలో నగదు తీస్తే మొదటి రోజు నుండే వడ్డీ. ఏడాదికి 30 శాతానికి మించి వడ్డీ గుంజడం అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు చెప్పింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది.

వడ్డీ హరామ్ అన్న సంగతి పాఠకులకు కొత్తది కాదు. ఊబిలో దిగినవాడికి ముందు బయటికి వచ్చే దారి చూపాలి.

మొదటి పని కార్డు వాడకం ఆపడం, రెండవది ఇంట్లో చెప్పడం. రెండవదే కష్టం. దైవప్రవక్త (స) నమాజులో అప్పుల నుండి అల్లాహ్ శరణు వేడేవారు. అప్పులపాలైనవాడు మాట్లాడితే అబద్ధమాడతాడని, వాగ్దానం చేస్తే తప్పుతాడని కారణం చెప్పారు. దాచే కొద్దీ ఒక కార్డు బాకీకి మరో కార్డు, దానికి యాప్ అప్పు తోడవుతాయి. అయితే భార్య నగలు, మహర్ ఆమె సొంత ఆస్తి. ఆమె మనస్ఫూర్తిగా ఇస్తేనే తీసుకోవాలి. అలిగి, బెదిరించి తీసుకున్నది ఇచ్చినట్లు కాదు.

తరువాత బ్యాంకుకు లిఖితపూర్వకంగా పరిస్థితి తెలిపి, వాయిదాలుగానో, తగ్గించిన మొత్తానికో ఒప్పందం కోరాలి. ఇందులో సిగ్గుపడవలసింది లేదు. కఅబ్ బిన్ మాలిక్ (రజి) మస్జిదులో తన బాకీదారును గట్టిగా నిలదీస్తుండగా దైవప్రవక్త (స) తమ గది తెర తొలగించి, సగం వదులుకొమ్మని సైగ చేశారు; ఆయన ఒప్పుకోగానే మిగతాది చెల్లించమని బాకీదారును ఆదేశించారు. మాఫీతో పాటు చెల్లింపూ ఉందని గమనించాలి. ఒప్పంద పత్రం చేతికి వచ్చాకే డబ్బు కట్టాలి. 'సెటిల్డ్' అన్న ముద్ర రుణ చరిత్రలో నిలిచి, కొత్త అప్పు పుట్టడం కష్టమవుతుంది. అది మేలే అంటాము మేము.

వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత ఫోన్ చేయరాదన్నది రిజర్వు బ్యాంకు నియమం. బ్యాంకుకు ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో పరిష్కారం దొరకకపోతే అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, సమాచారానికి 14448.

ఇక ఐపీ. 2016 నాటి దివాలా స్మృతిలో వ్యక్తులకు చెందిన భాగం కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికే అమలులోకి వచ్చింది. సామాన్యుడికి నేటికీ 1920 నాటి చట్టమే గతి. దివాలా ప్రకటిస్తే ఆస్తి కోర్టు అధీనంలోకి పోతుంది. ఇల్లు కాపాడుకుందామని భార్య పేరనో, కొడుకు పేరనో హిబా రాసి, రెండేళ్ళ లోపు ఐపీ వేస్తే ఆ హిబాను కోర్టు రద్దు చేయగలదు. షరీఅత్ దృష్టిలోనూ అది రుణదాత హక్కును కాజేయడమే. కోర్టు విముక్తి ఇచ్చినా, తరువాత స్తోమత కలిగితే అసలు తీర్చే బాధ్యత మిగిలే ఉంటుందని ఫఖీహులు చెప్పారు.

నిజంగా చితికిపోయినవాడి విషయం వేరు. కొన్న పండ్లు నష్టం తెచ్చి అప్పులపాలైన ఒక వ్యక్తికి దానం చేయమని దైవప్రవక్త (స) ప్రజలను కోరారు. అదీ చాలకపోతే, దొరికినది తీసుకోండి, అంతకు మించి మీకు లేదని రుణదాతలకు చెప్పారు. ఇది సహీహ్ ముస్లింలోని హదీసు. తౌబా సూరా 60వ ఆయతులో జకాతుకు అర్హులైన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులూ ఉన్నారు. మన మస్జిదు కమిటీలు రమజానులో బియ్యం సంచులు పంచుతాయి గాని, ఈ వర్గాన్ని వెతకవు. ప్రతి మహల్లాలో ఇద్దరు నమ్మకస్తులు స్టేట్‌మెంట్లు పరిశీలించి, గుట్టు కాపాడి, కార్డు మూసివేశాకే సాయం అందించాలి. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాతు సొమ్ము రుణగ్రస్తుని సొంతం కావాలి; అతడే బ్యాంకుకు కట్టి రసీదు తెచ్చి చూపాలి.