పాత కంప్యూటరుకు లినక్స్: ముందుగా తెలుగు ఫైళ్లు భద్రం

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ అందించిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం అవసరం. పదేళ్ల నాటి యంత్రాలలో అనేకం ఈ నియమాలకు సరిపోవు. అంతమాత్రాన వాటిని పాత సామాను కొనేవారికి అప్పగించనక్కరలేదు. ఉచితంగా లభించే లినక్స్‌ను వేసుకొని మరికొన్నేళ్లు వాడుకోవచ్చును.

లినక్స్ అంటే

ఫిన్లాండుకు చెందిన లైనస్ టోర్వాల్డ్స్ విద్యార్థిగా ఉన్నప్పుడు, 1991లో లినక్స్‌కు శ్రీకారం చుట్టారు. దీని సోర్స్ కోడ్‌ను ఎవరైనా చూడవచ్చును, మార్చవచ్చును, పంచుకోవచ్చును. తమిళనాడు ప్రభుత్వం 2011లో ప్రారంభించిన ఉచిత లాప్‌టాప్ పథకంలో విద్యార్థులకు అందిన యంత్రాలలో సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ కూడా ఉండేది. అందువల్ల హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల కుటుంబాలలో కొందరికి ఈ పేరు పరిచితమే.

అసలు చిక్కు ఎక్కడ

సరిహద్దు గ్రామాలలో పాత కంప్యూటర్లు కేవలం యంత్రాలు కావు. పెళ్లి పత్రికలు, గుడి ఉత్సవాల లెక్కలు, సంఘాల తీర్మానాలు, పెద్దలు చెప్పగా రాసుకున్న పాటలు వాటిలోనే ఉంటాయి. వీటిలో చాలా భాగం అను ఫాంట్లతో టైపు చేసినవి. ఆ ఫైళ్లలో ఉన్నవి యూనికోడ్ తెలుగు అక్షరాలు కావు; ఆ ఫాంటు ఉన్నప్పుడు మాత్రమే తెలుగుగా కనిపించే గుర్తులు. అను సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం తయారైనది. కనుక విండోస్‌ను తొలగించిన తరువాత ఆ ఫైళ్లు తెరిస్తే అర్థంలేని గుర్తులే కనిపించవచ్చును.

అందువల్ల పాత వ్యవస్థ పనిచేస్తుండగానే ప్రతి ముఖ్యమైన ఫైలును పీడీఎఫ్‌గా భద్రపరచాలి. తరువాత కన్వర్టరు సాయంతో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చినప్పుడు ఒత్తులు, గుణింతాలు తారుమారయ్యే అవకాశం ఉంటుంది కాబట్టి పీడీఎఫ్‌తో పోల్చి సరిచూడాలి. ఫోటోలు, మార్కుల జాబితాలు, భూమి పత్రాల నకళ్లతో సహా అన్నింటినీ వేరొక హార్డ్ డిస్కులోకి ఎక్కించి, అక్కడ తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. కొత్త వ్యవస్థ వేసేటప్పుడు డిస్కు మొత్తం చెరిగిపోవచ్చునని మరువరాదు.

వేసుకునే విధానం

పాత యంత్రాలకు లినక్స్ మింట్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తేలికైనది. దీనికి కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ స్థలం కావాలి. 4 జీబీ ర్యామ్ ఉంటే సౌకర్యంగా ఉంటుంది. ప్రాసెసరు 64 బిట్‌ది అయి ఉండాలి.

1. అధికారిక వెబ్‌సైటు నుండి ఐఎస్‌ఓ ఫైలును దింపుకోవాలి.
2. రూఫస్ వంటి సాఫ్ట్‌వేర్‌తో దానిని 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. అందులోని పాత ఫైళ్లన్నీ పోతాయి.
3. కంప్యూటరును ఆన్ చేస్తూ, తయారీదారును బట్టి ఎఫ్12, ఎఫ్2 లేదా ఎస్కేప్ మీటను నొక్కి, పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోవాలి.
4. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ తెరపైకి వస్తుంది. వైఫై, శబ్దం, ప్రింటరు పనిచేస్తున్నాయేమో ఇక్కడే పరీక్షించాలి.
5. అన్నీ సరిగా ఉంటేనే ఇన్‌స్టాల్ చేయాలి.

వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకం వాడేవారు వాటికి లినక్స్ డ్రైవర్లు ఉన్నాయో లేదో ముందే విచారించుకోవాలి. లేనిచో విండోస్‌ను తొలగించకుండా రెండింటినీ పక్కపక్కన ఉంచుకోవచ్చును.

ఐదు లిపులు, ఒకే కీబోర్డు

లినక్స్ కీబోర్డు అమరికలలో తెలుగుతోపాటు కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ కూడా ఉన్నాయి. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి నేర్చినవారికి తెలుగులో ‘క’ ఉన్న మీటపైనే కన్నడ ‘క’ కూడా ఉంటుంది. బడిలో కన్నడమో ఒడియానో చదివే పిల్లలు ఒకే అలవాటుతో ఇంటి భాషను కూడా టైపు చేయగలరు. లిబ్రే ఆఫీస్‌లో యూనికోడ్‌తో రాసుకున్న తెలుగు, రేపు మరే కంప్యూటరులో తెరచినా తెలుగుగానే ఉంటుంది.