గాజు పోగుల అతుకు: పనిముట్ల పెట్టె

ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌లో సమాచారాన్ని మోసేది 125 మైక్రాన్ల మందం గల గాజు పోగు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దూరప్రాంతాలకు వాడే సింగిల్‌మోడ్ రకంలో కాంతి ఆ మందమంతటా ప్రసరించదు. నట్టనడుమ సుమారు 9 మైక్రాన్ల వ్యాసంతో ఉండే కోర్ అనే భాగంలోనే సాగుతుంది. కోర్ చుట్టూ ఉండి కాంతిని చెదిరిపోనీయకుండా కాపాడే గాజు పొరను క్లాడింగ్ అంటారు. కేబుల్ ఒక్కో డ్రమ్ముకు కొన్ని కిలోమీటర్లే వస్తుంది కనుకా, వేసిన తరువాత కూడా రోడ్డు తవ్వకాల్లోనో గాలివానల్లోనో తెగుతూనే ఉంటుంది కనుకా, పోగును పోగుతో కలపవలసిన అవసరం తరచుగా వస్తుంది. రెండు కొసలను ఎదురెదురుగా నిలిపి, విద్యుత్ ఆర్క్ వేడితో కరిగించి ఒకటిగా అతికే పద్ధతికి ఫ్యూజన్ స్ప్లైసింగ్ అని పేరు. ఆ పనికి బయలుదేరే టెక్నీషియన్ వెంట ఉండవలసిన పెట్టెను ఎలా కూర్చుకోవాలి, ఎలా మోసుకుపోవాలి అన్నదే ఈ వ్యాస విషయం.

అతుకుకు ఇంత ప్రాముఖ్యం రావడానికి కారణం గాజు స్వచ్ఛత పెరగడమే. కాంతి నష్టాన్ని డెసిబెల్ అనే ప్రమాణంలో కొలుస్తారు. 3 డెసిబెల్ నష్టమంటే కాంతిలో సగం పోయినట్టు, 20 డెసిబెల్ అంటే నూటికి ఒక వంతే మిగిలినట్టు. కిలోమీటరుకు 20 డెసిబెల్ కన్నా తక్కువ నష్టంతో పోగును తయారుచేయగలిగితే కాంతి ద్వారా సమాచారం పంపడం సాధ్యమేనని 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ ప్రతిపాదించగా, 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ శాస్త్రజ్ఞులు అలాంటి పోగును చేసి చూపించారు. కావోకు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. నేటి పోగులో 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద నష్టం కిలోమీటరుకు దాదాపు 0.2 డెసిబెల్ మాత్రమే. తొలినాటి పోగులో అతుకు దగ్గర 0.1 డెసిబెల్ పోయినా లెక్కలోకి వచ్చేది కాదు. నేడు అంత నష్టం జరిగితే దారికి మరో అర కిలోమీటరు కేబుల్ చేర్చినట్టే. రెండు కోర్‌ల నడుమ ఒక్క మైక్రాన్ తేడా వచ్చినా సుమారు 0.2 డెసిబెల్, అంటే కాంతిలో దాదాపు ఇరవయ్యో వంతు, అక్కడికక్కడే వృథా అవుతుంది.

పెట్టెలో అందరి కళ్లూ పడేది స్ప్లైసింగ్ మెషిన్ మీదే, ధర కూడా దానిదే ఎక్కువ. అయితే అది తనకు అందిన కొసలను సరిచూసి నిలిపి కరిగించగలదు గానీ, వంకరగా తెగిన కొసనూ మురికి అంటిన కొసనూ బాగుచేయలేదు. అతుకు మంచిచెడ్డలు చాలావరకు మెషిన్ మూత తెరవకముందే తేలిపోతాయి కాబట్టి, పనిముట్లను ధరను బట్టి కాక పని జరిగే వరుసను బట్టి సర్దుకోవడం మేలు.

వరుసలో ముందు వచ్చేవి కేబుల్‌ను విప్పే సాధనాలు. పైతొడుగును అడ్డంగానూ నిలువుగానూ కోసే కట్టర్, లోపల బలం కోసం ఉంచే అరమిడ్ నూలును తెంచే కత్తెర, పోగులుండే ట్యూబును పోగుకు తగలకుండా చుట్టూ గీసే చిన్న కట్టర్, ట్యూబులో నీరు చేరకుండా నింపిన జెల్లీని తుడిచే ద్రావకం ఉంటే సరిపోతుంది. అరమిడ్ నూలు మీద మామూలు కత్తెర జారిపోతుంది గనుక ఆ ఒక్కటి మాత్రం ప్రత్యేకంగా కొనాలి. ట్యూబులో పోగులు నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబీ, లేత నీలి అనే క్రమంలో ఉండడం ప్రామాణికం. మసక వెలుతురులో బూడిద, తెలుపు రంగులు ఒకలాగే కనిపిస్తాయి కాబట్టి తెల్లటి వెలుగునిచ్చే హెడ్‌లైట్ కూడా ఈ సామానులోనిదే.

పోగు చేతికి వచ్చాక ముందుగా చేయవలసిన పని దాని పూతను ఒలవడం కాదు, స్లీవ్ ఎక్కించడం. స్లీవ్ అనేది వేడికి ముడుచుకునే సన్నని గొట్టం; సాధారణంగా 60 మిల్లీమీటర్ల పొడవుండి, వేడికి కరిగి పోగును అంటిపెట్టుకునే మరో గొట్టాన్నీ, అతుకు వంగకుండా కాపాడే ఉక్కు కడ్డీనీ తనలో ఇముడ్చుకుని ఉంటుంది. రెండు కొసలూ అతుక్కున్నాక దానిని తొడగడానికి ఇక దారి లేదు. మరచిపోతే బ్రహ్మాండంగా కుదిరిన అతుకును కూడా తెంచి మళ్లీ మొదటికి రావలసిందే. చేయి తిరిగినవారికీ తప్పని మరపు ఇది. అందువల్ల స్లీవ్‌ల డబ్బీని తీస్తే గానీ పూతను ఒలిచే స్ట్రిప్పర్ అందని విధంగా పెట్టెను అమర్చుకోవడం ఉత్తమం. 24 పోగుల కేబుల్‌కు 24 స్లీవ్‌లతో బయలుదేరేవారు పనిని సగంలో ఆపవలసి వస్తుంది, ఎందుకంటే కుదరని అతుకుకు మళ్లీ ఒక స్లీవ్ కావాలి.

స్ట్రిప్పర్‌కు మామూలుగా మూడు గాళ్లుంటాయి: ఒకటి ప్యాచ్ కార్డ్ అనే పొట్టి కేబుల్ పైతొడుగును తీయడానికి, ఒకటి 900 మైక్రాన్ల తొడుగును 250కి దించడానికి, చివరిది 250 మైక్రాన్ల పూతను ఒలిచి 125 మైక్రాన్ల గాజును బయటపెట్టడానికి. ఆ గాజును తుడవడానికి 99 శాతం శుద్ధత గల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని కాగితం వాడాలి. మందుల షాపులో గాయాలు తుడిచేందుకు అమ్మే 70 శాతం రకంలో మిగిలినది ప్రధానంగా నీరే కాబట్టి అది ఇక్కడ పనికిరాదు. దూది కూడా నిషిద్ధమే. దాని నూగు ఆర్క్‌లో కాలి అతుకులో బుడగగా మిగిలిపోవచ్చు. శుభ్రపడిన పోగును తడి కాగితం నడుమ లాగితే కిచకిచమని సన్నని చప్పుడు వస్తుంది. కాగితంలో ఒకసారి వాడిన చోటును మళ్లీ వాడితే తుడిచిన మురికే తిరిగి అంటుకుంటుంది. ఆల్కహాల్ గాలిలోని తేమను పీల్చుకునే గుణం గలది గనుక, నొక్కితే కొద్దికొద్దిగా పైకి వచ్చే మూత గల సీసాలో, పని రోజుకు సరిపడా మాత్రమే పోసుకోవాలి.

తరువాతది క్లీవర్. పెట్టె మొత్తంలో అసలు విలువైనది ఇదేనని చెప్పవచ్చు. అద్దాలు కోసేవారు గీటు పెట్టి విరిచినట్టే క్లీవర్ కూడా పోగును కోయదు. గట్టి లోహపు బ్లేడు అంచుతో పోగు పక్కన కంటికి కనిపించని గీటు పెట్టి, దాని మీద ఒత్తిడి కలిగించి విరిచేస్తుంది. పగులు సూటిగా అడ్డంగా పాకితే కొస అద్దంలా నున్నగా, పోగు పొడవుకు లంబంగా ఉంటుంది. ఆ కోణం ఒక డిగ్రీ కన్నా తప్పితే అతుకు దెబ్బతింటుంది, అర డిగ్రీ లోపు ఉండడం మంచిది. గుండ్రటి బ్లేడును 16 స్థానాలలో తిప్పుకునే వీలుండే క్లీవర్లలో ఒక్కో స్థానం దాదాపు వెయ్యి విరుపులకు వస్తుంది. క్లీవ్ అయిన కొసను ఆ తరువాత తుడవకూడదు, దేనికీ తగలనీయకూడదు, నేరుగా మెషిన్‌లోని గాడిలో పెట్టాలి. శుభ్రం చేయడం ముందు, విరవడం తరువాత అన్న వరుస ఇందుకే.

గాజు మెత్తబడడానికి 1,600 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడి కావాలి. మెషిన్‌లోని రెండు ఎలక్ట్రోడ్‌ల నడుమ పుట్టే ఆర్క్ దానిని క్షణాల్లో అందిస్తుంది. ఆర్క్ వేడి గాలి ఒత్తిడిని, తేమను బట్టి మారుతుంది. విశాఖపట్నం తీరంలో సరిచేసుకున్న మెషిన్‌ను సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న అరకుకు తీసుకువెళ్లినప్పుడు ఆర్క్ క్యాలిబ్రేషన్ మళ్లీ చేయవలసింది అందుకే. ఎలక్ట్రోడ్‌లు అరిగిపోయేవి కాబట్టి ఒక జత అదనంగా ఉంచుకోవాలి. పని ముగిశాక మెషిన్ తెర మీద కనిపించే 0.02, 0.03 వంటి అంకెలు కొలిచినవి కావు, అతుకు బొమ్మను చూసి మెషిన్ వేసిన అంచనాలు. నిజాన్ని తేల్చేది ఓటీడీఆర్. ఇది పోగులోకి కాంతి స్పందనలను పంపి, దారి పొడవునా వెనక్కి చెదిరి వచ్చే కాంతిని బట్టి ఎక్కడ ఎంత పోయిందో గీత రూపంలో చూపుతుంది. వేర్వేరు రకాల పోగులు కలిసినచోట ఈ గీత ఒక వైపు నుంచి చూస్తే కాంతి పెరిగినట్టు కూడా చూపుతుంది! రెండు వైపుల నుంచీ కొలిచి సగటు తీసుకోవడం ఈ భ్రమను తొలగించడానికే. రోజువారీ మరమ్మతులకు పవర్ మీటరు, విరిగినచోటు ఎర్రగా మెరిసేలా చేసే లేజర్ పెన్ను చాలు.

విరిచినప్పుడు రాలే గాజు ముక్క చర్మంలో దిగితే కనిపించదు, కంటిలో పడితే ప్రమాదం. మూత బిగుతుగా పట్టే ముక్కల డబ్బీ, కంటద్దాలు, ముక్కలు కనబడేందుకు నల్లటి చాప తప్పనిసరి. పనిచేసే బల్ల దగ్గర తిండి పనికిరాదు. కేబుల్‌లో నడిచే కాంతి కంటికి కనిపించని పరారుణ కాంతి కాబట్టి, వెలుగు లేదనుకుని కొసలోకి తొంగిచూడడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

ఇక మోయడం. 2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ కేబుల్‌ను చాలావరకు కరెంటు స్తంభాల మీదుగా లాగింది. తుపాను తరువాత ఇలాంటి కేబుల్‌ను బాగుచేసేవారికి చదునైన బల్ల గానీ కరెంటు గానీ దొరకవు. స్తంభం వద్ద చుట్టగా వదిలిన అదనపు కేబుల్‌ను కిందికి దించి, వాహనంలోనో గొడుగు నీడలోనో అతకడం మంచిది, ఎందుకంటే గాలి వీస్తే ఆర్క్ చెదురుతుంది, దుమ్ము గాడిలో చేరుతుంది. మెషిన్‌నూ క్లీవర్‌నూ నురుగు పరచిన గట్టి పెట్టెలో, ఆల్కహాల్‌నూ జెల్లీ గుడ్డలనూ వేరే సంచిలో ఉంచాలి. ఏసీ వాహనం నుంచి కోస్తా ఉక్కలోకి దించిన మెషిన్‌ను వెంటనే తెరిస్తే కటకాల మీద తేమ పడుతుంది గనుక కాసేపు ఆగాలి. విమానంలో ప్రయాణించేవారు ఆల్కహాల్‌ను వదిలేసి చేరిన ఊళ్లో కొనుక్కోవాలి, విడి లిథియం బ్యాటరీలను చేతి సంచిలోనే పెట్టుకోవాలి.

కొత్తగా కిట్ సమకూర్చుకునేవారు డబ్బు చాలకపోతే మెషిన్ పాత మోడల్ తీసుకున్నా పని నడుస్తుంది. క్లీవర్, ఆల్కహాల్, కాగితం విషయంలో మాత్రం చౌక చూసుకోకూడదు.