కంపవాతము: నల్లమల గింజ, గ్రెనోబులు తీగ

నంద్యాల ప్రాంతమున రచ్చబండలమీదను, ఇంటి అరుగులమీదను కుడిచేయి యొక్కటే వణకుచుండగా ఊరక కూర్చుండు పెద్దలు అరుదు గారు. ఏమైనదని యడిగినచో ఇంటివారు "మా జేజినాయనకు వయసు మీదబడినది, అంతే" యని తేలికగా త్రోసివేయుదురు. ఈ "అంతే" యను మాటపై మాకు తీవ్రమైన అభ్యంతరము గలదు. ముదిమి వేఱు, కంపవాతము వేఱు. తొంబదియేండ్లు దాటియు చేయి వణకనివా రున్నారు. నలువదియేండ్లకే వణకు పుట్టినవారును ఉన్నారు. ఈ రోగమునకు మెదడులో నెలవున్నది, దానికి మందున్నది, మందు చాలనప్పుడు విద్యుత్తుతో నిలువరించు ఉపాయమును ఉన్నది. ఇన్ని యుండగా రోగిని అరుగున కప్పగించి ఊరకుండుట ఎట్లు సమంజసము?

కంపవాతమును అనుమానించుటకు వైద్యశాస్త్ర మెల్ల చదువ నక్కఱలేదు. వణకు సాధారణముగా ఒక చేతనే మొదలగును. చేయి విశ్రాంతిగా నున్నప్పుడు హెచ్చి, పనిలో పెట్టగనే తగ్గును. బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలిసి మాత్ర నలుపుచున్నట్లు కదలును. నడచునప్పుడు ఆ చేయి ఊగదు, అడుగులు చిన్నవగును, మొగమున కళ తప్పును. దస్తూరి సన్నగిల్లి, ఒకనాడు కరణీకపు లెక్కలు గుండ్రముగా వ్రాసిన చేయి చీమల బారు తీర్చును. వాసన తెలియకుండుట, మలబద్ధము, నిద్రలో కేకలు వేయుట కొందఱియందు ఏండ్లకు ముందే కానవచ్చును. గ్లాసు నోటి కెత్తునప్పుడు రెండుచేతులును వణకుట, అది తండ్రినుండి కొడుకునకు దిగుట వేఱొక వ్యాధి. దాని మందులును వేఱు. ఈ రెంటిని విడదీసి చెప్పగల వైద్యుడు కావలయును గాని నాడి చూచి టానిక్కు వ్రాసియిచ్చు నతడు గాదు.

స్థిరమైన చేయి యెంతటి ఐశ్వర్యమో తెలియగోరువారు నంద్యాలకు దక్షిణమున నలువది కిలోమీటర్ల చాయనున్న ఆళ్లగడ్డలో శిల్పుల కొట్టములముందు ఒక గడియ నిలువవలెను. విగ్రహపు కనుఱెప్ప తీర్చునప్పుడు సుత్తిదెబ్బ వెండ్రుకవాసి హెచ్చినను నెలల శ్రమ వ్యర్థమగును. ఆ దెబ్బ వేయునది చేయి గాదు, మెదడు. పైపొర ఆజ్ఞ యిచ్చును. చిన్నమెదడు తప్పు దిద్దును. లోతుననున్న కణపుంజములు కావలసిన కదలికకు దారి విడిచి, అక్కఱలేనివానిని ఆపును. ఈ కడపటి పనికి డోపమిన్ అను రసము కావలయును. దానిని తయారుచేయు కణములు నడిమెదడులోని యొక నల్లని పట్టెలో నుండును. రోగచిహ్నములు పైకి కనుపించునాటికే ఆ కణములలో పెద్దపాలు నశించియుండును. అప్పుడు దారి విడువవలసిన చోట అడ్డు, అడ్డవలసిన చోట వణకు.

ఈ రోగము మనకు క్రొత్తగాదు. ఆంధ్రదేశమున వ్యాప్తి గాంచిన బసవరాజీయము కంపవాతమును పేరుపెట్టి చెప్పి, కాలుసేతుల వణకుతోపాటు నిద్రాభంగమును, బుద్ధిమాంద్యమును లక్షణములుగా గ్రహించినది. లండనులో జేమ్స్ పార్కిన్సన్ తన వ్యాసమును ప్రకటించినది 1817లో. మన నల్లమలలో పశులకాపరు లెఱిగిన దూలగొండి, తాకినవారిని దురదతో గంతులు వేయించు ఆ తీగ, తన గింజలో లెవోడోపాను దాచుకొన్నది. 1937లో మదరాసు విశ్వవిద్యాలయపు జీవరసాయనశాలలో దామోదరన్, రామస్వామి గారలు దానిని వేఱుచేసి చూపిరి. సర్పగంధినుండి తీసిన రెసర్పిన్ యిచ్చి కుందేళ్ళను కదలక పడియుండునట్లు చేసి, పిదప డోపా యెక్కించి వానిని లేపినవాడు స్వీడను దేశీయుడగు అర్విడ్ కార్ల్‌సన్ (1957). 1961లో వియన్నాలో రోగుల కిచ్చి చూచిరి. 1967లో అమెరికాలో కోట్జియాస్ నోటిద్వారా నిచ్చు విధమును స్థిరపఱచెను. కార్ల్‌సన్‌కు 2000లో నోబెలు బహుమతి వచ్చినది.

దీనిని జూచి "అంతయు మనదే" యని చంకలు గొట్టుకొనువారున్నారు. వారితో మేము ఏకీభవింపజాలము. ఇదే పదార్థమును 1913లోనే స్విట్జర్లాండులో నొక జాతి చిక్కుడుగింజనుండి తీసియుండిరి. మదరాసులో తీసిన పదార్థము మెదడు రోగమునకు మందగునని ఇరువది యేండ్లవఱకు లోకమున నెవ్వరికిని తట్టలేదు. అంగటిలో దూలగొండి పొడి కొని చెంచాలతో మింగుటయు క్షేమము గాదు. 2017లో బొలీవియాలో పదునెనిమిదిమంది రోగులకు వేయించిన గింజపొడి కొలిచి యిచ్చినప్పుడు మందుతో సరితూగినమాట నిజమే. అయితే అది కొలత, అది వైద్యుల కనుసన్న. గింజగింజకు మందు పాలు మాఱును. పెచ్చు పడినచో వాంతులు, తలత్రిప్పు, భ్రమలు.

లెవోడోపా తొలి సంవత్సరములలో మనిషిని నిలబెట్టును. పిదప మాత్ర ప్రభావము త్వరత్వరగా దిగును. వేసినప్పుడు ఒడలు తనంతట వంకరలు పోవును, దిగినప్పుడు రాయి యగును. ఇచ్చటనే విద్యుత్తు ప్రవేశించినది. అంతకుముందు శస్త్రవైద్యులు మెదడులోని చిన్న స్థానమును కాల్చెడివారు, మదరాసులో బి. రామమూర్తి, వి. బాలసుబ్రహ్మణ్యం ప్రభృతులు అట్టి సూక్ష్మశస్త్రములందు పేరుగాంచిరి. కాల్చుటకు ముందు చోటు సరియైనదో కాదో చూచుటకు సన్నని ప్రవాహమును పంపుట వాడుక. 1987లో ఫ్రాన్సులోని గ్రెనోబులు నగరమున అలిమ్ లూయీ బెనబిద్ అట్లు పంపుచు, వేగమును క్షణమునకు నూరుసార్ల చాయకు పెంచగనే వణకు నిలిచినట్లు కనుగొనెను. ఆపిన వెంటనే వణకు మరల వచ్చినది. అట్లయినచో కాల్చుట యెందులకు? తీగనే లోపల నుంచరాదా? 1990లో అమెరికాలో డిలాంగు బృందము కోతులయందు సబ్‌థలమిక్ న్యూక్లియస్ అను శనగగింజంత భాగమే గుట్టని తేల్చెను. 1993లో గ్రెనోబులు వైద్యులు మనుష్యునిలో ఆ చోటనే తీగ దింపిరి.

శస్త్రము సాగునపుడు రోగి పలుచోట్ల మేలుకొనియే యుండును. మెదడుకు నొప్పి తెలియదు. "పిడికిలి మూయుడు, తెఱవుడు" అని వైద్యుడడుగుచుండగా తీగ మిల్లీమీటరు వెంట మిల్లీమీటరుగా దిగును. తుదకు చెవివెనుకగా చర్మము క్రిందనుండి తీగను తెచ్చి, జత్రువు క్రింద నిమిడ్చిన బ్యాటరీకి కలుపుదురు. అది క్షణమునకు సుమారు 130 మారులు మీటుచుండును. 2017లో బెంగుళూరులో వ్రేళ్ళు పట్టివేసిన వాద్యకారు డొకడు శస్త్రము జరుగుచుండగనే గిటారు వాయించుచు, ఏ స్థానమును కాల్చవలెనో వైద్యులకు తెలుపుటయు జరిగినది. చేతిపనిపై బ్రదుకు శిల్పులకు ఈ కథ ఊరక వినదగినది గాదు.

అయినను ఇది మృతసంజీవని గాదు. వ్యాధి లోలోపల సాగుచునే యుండును. వణకు, బిగువు, మాంద్యము తగ్గును. మాట తడబాటు, నడకలో తూలుట, మఱపు తగ్గవు, ఒక్కొకప్పుడు హెచ్చును. మెదడులో రక్తస్రావము, తీగదారిన చీము, ఈ యపాయములు స్వల్పమైనను కలవు. ఖర్చు లక్షలలోనిది, బ్యాటరీ కొన్నియేండ్లకు మార్చవలసినది. 2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వము, మెదడు తరంగములను తానే విని ప్రవాహమును పెంచితగ్గించు పరికరమునకు అనుమతి నొసగినది. అది మన రైతుకుటుంబముల యందుబాటునకు ఎన్నడు దిగునో!

హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ ఈ శస్త్రమును చిరకాలముగా చేయుచున్నది. కాని శస్త్ర మొక్కనాటిది, ప్రవాహమును సరిచూచుకొనుట యేండ్ల తరబడిది. తూలి నడచు వృద్ధుని తోడుగా కొడుకు పొలము విడిచి, మూడువందల కిలోమీటర్ల చాయ దూరము, 2014 పిదప వేఱైపోయిన రాష్ట్రపు రాజధానికి, ఎన్నిమారులు పోగలడు? సరిచూచు యంత్రము పలకంతటిది, పెట్టెలో పట్టును. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. శస్త్రశాల నిప్పుడే పెట్టుమని మే మడుగుట లేదు. వారమున కొక్కదినమైనను కంపవాత రోగులను చూచు నరవైద్యుని అచ్చట నుంచవలెను. పరికరమును సరిచూచు శిక్షణ నాతని కిప్పింపవలెను. అత్యవసర మందుల జాతీయ పట్టికలో చేరియే యున్న లెవోడోపా మాత్రలు ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల ఆసుపత్రులలో నెలనెల తప్పక దొరకునట్లు చూడవలెను. జిల్లా యేర్పడి 2022 ఏప్రిలు నాటినుండి గడచిన కాలమున కచేరీ భవనములకై వినిపించినన్ని అర్జీలలో ఈ యొక్క అర్జీయు చేరునట్లు పురప్రముఖులును, భూస్వాములును పూనుకొనవలెనని కోరుచున్నాము.