విధికుడు చెక్కించిన రాయి

విజయవాడ నుంచి తుళ్లూరు మీదుగా అమరావతి బస్సెక్కితే దారిలో ముందు కొత్త రాజధాని వస్తుంది. 2015లో ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది దానికే. పాతది చూడాలంటే కృష్ణ ఎగువకు ఇంకాస్త దూరం పోవాలి. అమరేశ్వరాలయం ఉన్న అమరావతి, దాని పక్కనే ధరణికోట. శాసనాల్లో పేరు ధాన్యకటకం. తర్వాతి శాతవాహనుల రాజధాని.

చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణని బంధువులెవరొచ్చినా నన్నే వెంట రమ్మంటారు. ఇక్కడి బౌద్ధస్తూపం దగ్గర నిలబడగానే "ఇంతేనా బాబాయ్?" అంటారు. కంటికి ఆనేది గుండ్రటి ఇటుక దిమ్మె, కొన్ని రాతిపలకలు, అంతే. సుమారు యాభై మీటర్ల అడ్డకొలతతో, నాలుగు దిక్కులా వేదికల మీద నిలిపిన ఐదేసి ఆయక స్తంభాలతో, పల్నాటి సున్నపురాతి శిల్పాలతో నిలిచిన మహాచైత్యం ఇదేనంటే నమ్మబుద్ధి కాదు.

ఆ రాళ్లేమయ్యాయో చెప్పాలి. 1790లలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి ఇక్కడికి మకాం మార్చి కొత్త ఊరు కట్టించాడు. ఆ కట్టడాల కోసం, జనం దీపాలదిన్నె అని పిలుచుకునే ఈ దిబ్బను తవ్వారు. సంగతి తెలిసి 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చాడు. 1816లో మళ్లీ వచ్చి, మిగిలిన శిల్పాలకు బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మలే లేకపోతే ఈ స్తూపం గురించి మనకు తెలిసింది చాలా తక్కువయ్యేది. 1830 ప్రాంతంలో బందరులోని అధికారి రాబర్ట్‌సన్ కొన్ని పలకలు తెప్పించి తాను కట్టించిన పేట కూడలిలో అలంకారంగా నిలబెట్టించాడు. రాబర్ట్‌సన్‌పేట బందరులో ఇప్పటికీ ఉంది. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించినవి మద్రాసుకు, అక్కణ్ణుంచి 1859లో లండన్‌కు వెళ్లాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఇప్పుడు నూట ఇరవై దాకా ఉన్నాయి. ఎగ్మోరులోని చెన్నై మ్యూజియంలోనూ చాలా ఉన్నాయి. ఇది తలచుకుంటే నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అయినా ఈ పట్నాన్ని రాజుల పేర్లతో మొదలుపెట్టి చెప్పడం నాకిష్టం లేదు. రాళ్లమీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో చెక్కినవి చాలావరకు దాతల పేర్లే. పరిమళాలమ్మే వర్తకుడున్నాడు, భిక్షుణులున్నారు, గృహిణులున్నారు. విధికుడనే చర్మకారుడున్నాడు. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, చుట్టాలు, స్నేహితులు అందరితో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చానని రాయించుకున్నాడు. తోలు పని చేసే ఇంటివాళ్లు రాజధానిలోని మహాచైత్యం మీద తమ పేరు నిలుపుకోగలిగిన కాలమది. శాతవాహన రాజు పులుమావి పేరున్న శాసనం కూడా ఇక్కడే దొరికింది. పిల్లలకు నేను చెప్పేది మాత్రం ముందు విధికుడి సంగతే.

అంత డబ్బు ఎక్కడిదంటే, ఏటి మీది వ్యాపారం. 1962-64లో ధరణికోటలో తవ్వితే నదిలో కలిసే కాలువ, దాని ఒడ్డున సరుకు దించే రేవు బయటపడ్డాయి.

శాతవాహనులు పోయినా ఊరు పడిపోలేదు. 1182లో కోట కేతరాజు వేయించిన శాసనం అమరేశ్వరాలయంలో ఉంది. శివుణ్ణి కొలిచిన ఆ రాజే బుద్ధుడికీ గ్రామాలు రాసిచ్చాడు. శ్రీలంకలోని 1344 నాటి గడలదెణియ శాసనం ప్రకారం, ధర్మకీర్తి అనే భిక్షువు అక్కణ్ణుంచి వచ్చి ఇక్కడి ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడు.

మీరు వెళితే స్తూపం కంటే ముందు అమరావతిలోనే ఉన్న మ్యూజియం చూడండి. అందులో స్తూపం రూపాన్నే చెక్కిన పలకలున్నాయి, వాటిని చూశాక దిమ్మె దగ్గర నిలబడితే ఏది ఎక్కడుండేదో తెలుస్తుంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు.